చక్రధర్‌ని గార్డులు పట్టుకెళ్లలేదు

చక్రధర్ గార్డుల కారులో ఇంటికొచ్చిన మాట నిజమే. మేముండే ఈ తెల్లవాళ్ల దేశంలో పోలీసుల్ని గార్డులంటారు. ఆ కారు వెనకసీట్లో అతనికి ఒకపక్క వాళ్లావిడ లోహిత, ఇంకోపక్క నేను ఇరుక్కుని కూర్చున్నాం. మరి మా ఇద్దర్నీ ఏ నేరం మీద పట్టుకెళ్లారో ఎవరూ చెప్పుకోరేం?

మా బాలింకాలిగ్ ఊళ్లో ఉన్న తెలుగువాళ్ల ఇళ్లల్లో ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటున్నారు. దుర్భిణి పెట్టి ఎవరి కిటికీలోకో చూస్తుంటే దొరికిపోయాడని ఒకరు. అబ్బే, ఏట్లో దూకబోతుంటే ఆపారని ఇంకొకరు. వీసా రద్దయిందని, రేపోమాపో విమానం ఎక్కిస్తారని విని కృపారావుగారింట్లో ప్రార్థన కూడా పెట్టారు. ప్రార్థన పెట్టినవాళ్లని ఒక్క మాట అనను, మంచి మనసుతో పెట్టారు. కానీ జరిగింది అది కాదు. అక్కడ ఉన్నదాన్ని నేను, చూసిందే రాస్తున్నాను.

చక్రధర్‌ది టెక్కలి దగ్గర పల్లె. సన్నగా ఉంటాడు, కొంచెం వంగి నడుస్తాడు, పది మాటలడిగితే ఒకదానికి జవాబిస్తాడు. నేను మొదటి పరిచయంలోనే అమ్మమ్మ ఊరిదాకా అడిగేసే మనిషిని కాబట్టి, ఆ ఒక్కో మాటా పోగుచేసి అతని సంగతంతా తెలుసుకోవడానికి నాకు రెండు శీతాకాలాలు పట్టింది.

ఉద్యోగం రింగాస్కిడీ అనే చోట, ఒక మందుల ఫ్యాక్టరీలో. తలనుంచి కాళ్లదాకా తెల్లటి తొడుగు వేసుకుని, పొడులు కలిపే యంత్రం పక్కన నిలబడే పని. వచ్చిన కొత్తలో భార్యాబిడ్డలకి వీసా ఆలస్యమై ఒంటరిగా ఉన్నాడు. ఫ్యాక్టరీ పక్కనే సముద్రపు పాయ ఉంది. పోటు తీసినప్పుడు బురద బయటపడుతుంది, ఆ బురద మీద ఎక్కడెక్కడి నుంచో చలికాలానికి వచ్చిన పిట్టలు దిగుతాయి. అన్నం తినే వేళ కంచె దగ్గర నిలబడి వాటినే చూస్తుంటే, అక్కడే పనిచేసే కాన్ అనే పెద్దాయన, ఉత్త కళ్లతో ఏం కనపడతాయయ్యా అని తన పాత దుర్భిణి చేతికిచ్చాడట. ఆయన రిటైరై వెళ్లిపోతూ కూడా దాన్ని వెనక్కి అడగలేదు.

అప్పట్నుంచీ అదే పిచ్చి. మిగతా మగవాళ్లు శనాదివారాలు క్రికెట్టో, బిర్యానీయో అంటే ఇతను ఒక ఫ్లాస్కు నిండా టీ పోసుకుని మా పార్కులో ఏటిగట్టుకి పోతాడు. "ఏముంటాయయ్యా అక్కడ?" అని ఒకసారి నేనూ వెంటపడ్డాను. ఆ పార్కులో పాతకాలపు తుపాకిమందు కార్ఖానా గోడలు పాడుపడి ఉంటాయి. వాటిని దాటితే ఏటికి అడ్డంగా రాతికట్ట. దాని కింద నీళ్లు నురుగులు కక్కుతుంటాయి. ఆ నురుగు మధ్య ఒక రాయి మీద గోధుమరంగు పిట్ట, గుండెకి తెల్ల రుమాలు కట్టుకున్నట్టుంది, వంగి వంగి దణ్ణాలు పెడుతోంది. నేను చూస్తుండగానే మెట్లు దిగినట్టు నీళ్లలోకి దిగి కనపడకుండా పోయింది.

"అయ్యో, కొట్టుకుపోయింది!" అన్నాను.

"లేదు పిన్నిగారూ. అడుగున నడుస్తంది. ఉండండి."

నిజంగానే ఇంకో రాయి పక్కన పైకొచ్చింది, నోట్లో ఏదో పురుగుతో. ఆ చలిలో, ఆ వరదలో! నాకు ఒళ్లు జలదరించింది. చక్రధర్ మాత్రం తన కూతురు పాస్ అయినంత సంబరంగా నా మొహంలోకి చూశాడు.

"మా ఊళ్లో చలికాలం పెద్ద పెద్ద కొంగలు దిగుతాయండి," అన్నాడు ఆ సంబరంలోనే. "అవి గూట్లో ఉన్నన్నాళ్లూ ఊరంతటికీ టపాకాయల్లేవు. దీపావళికి కూడా. మా నాన్న ఒకసారి నేను ఒక్క సీమటపాకాయ కాల్చీసానని పొలంగట్టు మీద పరిగెట్టించి కొట్టాడు."

అదీ అతని కథ. ఇంతే అయితే రాయక్కర్లేదు.

కిందటి వేసవి నుంచి మాకు ఇక్కడ గాలి మారింది. మన తెలుగు కుర్రాడు జీవన్ కుమార్ వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగి బస్టాపులో నిలబడితే, ఇక్కడి తెల్లకుర్రాళ్లు కొందరొచ్చి తోసేశారు. కళ్లద్దాలు పగిలాయి, కనుబొమ్మ చీలింది. అది విన్నాక ఎవరి భయం వాళ్లు మొదలుపెట్టారు. గుమ్మానికి కట్టిన తోరణం తీసి లోపల పెట్టేశారు కొందరు. బస్సెక్కే ముందు బొట్టు చెరిపేసుకున్న ఆడపిల్లల్ని నేను కళ్లారా చూశాను. బయట తెలుగులో గట్టిగా మాట్లాడొద్దని పిల్లలకి నేర్పాం. పిల్లలకేం, వాళ్లెప్పుడూ ఇంగ్లీషే. నేర్చుకోవాల్సి వచ్చింది మేమే. మా తెలుగువాళ్ల వాట్సప్ గ్రూపులో మధుసూదన్ అనే అతను, వరంగల్ కుర్రాడు, సాఫ్ట్‌వేరు, రోజూ జాగ్రత్తలు పెట్టేవాడు. ఒంటరిగా వెళ్లొద్దు. చీకటి పడకముందే ఇల్లు చేరాలి.

చలికాలంలో ఇక్కడ చీకటి పడకముందు అంటే మధ్యాహ్నం భోజనమయ్యాక అని అర్థం. నాలుగింటికే పొద్దు వాలిపోతుంది. సరిగ్గా అప్పుడే పిట్టలు గూటికి చేరతాయని మా చక్రధర్ ఏటిగట్టు మీద ఉంటాడు. ముదురురంగు కోటు, తల మీద టోపీ, కళ్లకి దుర్భిణి, రాయిలా కదలకుండా.

లోహిత పగలంతా బడిపిల్లల్ని చూసుకునే చోట పనిచేస్తుంది. భయస్తురాలు కాదు. కానీ వేసవి తర్వాత శనివారం సాయంత్రమైతే మా ఇంటికొచ్చి కూర్చునేది. కిటికీ వైపు చూస్తూ మాట్లాడేది. ఒకరోజు నవ్వుతూనే అంది, "మా ఆయనకి అక్కడ ఇంకో సంసారమున్నా బాగుండేదాంటీ. కనీసం నాలుగ్గోడల మధ్య ఉండేవారు."

"నోర్మూసుకో," అన్నాను. ఇద్దరం నవ్వాం. కానీ గేటు చప్పుడయ్యేదాకా ఆమె టీ ముట్టుకోలేదు.

ఇక ఆ శనివారం సంగతి.

మధ్యాహ్నం అన్నాలు తిని నేను గిన్నెలు ప్రెస్సులో సర్దుతున్నాను. ఇక్కడ అలమరాని ప్రెస్సు అంటారు, నాకూ అదే అలవాటైపోయింది. లోహిత పరిగెత్తుకొచ్చింది. కాళ్లకి ఇంట్లో తొడుక్కునే చెప్పులే ఉన్నాయి. చేతిలో ఫోను.

"ఆంటీ, ఇది చూడండి. ఆయనే కదా?"

ఫేస్‌బుక్‌లో మా ఊరివాళ్ల పేజీ ఒకటుంది, తప్పిపోయిన పిల్లులు, పాత సోఫాలు పెడుతుంటారు. దాన్లో ముందురోజు ఎవరో ఫొటో పెట్టారు. ఏటిగట్టు, చెట్లు, వెనకనుంచి తీసిన ఒక మనిషి. మొహం కనపడదు. కానీ ఆ వంగిన వీపు నాకు తెలీదా?

"ఏం రాశారమ్మా?"

చదివి తెలుగులో చెప్పింది. "'ఈ మనిషిని ఎవరైనా ఎరుగుదురా? ప్రతి వారం ఇక్కడే నిలబడి బైనాక్యులర్‌తో చూస్తున్నాడు. పక్కనే ఇళ్లున్నాయి, పిల్లలు ఆడుకునే చోటుంది.' కింద చాలామంది రాసీసారాంటీ. ఒకళ్లు, పాపం పిట్టల కోసమేమో అన్నారు. వాళ్లని మిగతావాళ్లు తిట్టారు. ఇదిగో, ఇక్కడ..." వేలు పెట్టి చూపించింది. "'శనివారం మేమే వెళ్లి మాట్లాడతాం.'"

"ఇవాళేగా శనివారం?"

"ఆయన వెళ్లిపోయారాంటీ. ఫోన్ ఎత్తట్లేదు. పిట్టలు బెదురుతాయని సైలెంట్లో పెట్టీస్తారు. చేస్తూనే ఉన్నాను."

మధుసూదన్‌కి ఫోన్ చేశాం. అతను మహా నిబ్బరంగా ఉన్నాడు.

"టెన్షన్ పడకుండ్రి ఆంటీ. నేను పొద్దుగాలనే చూసిన. దానికింద మంచిగ ఒక మెసేజ్ పెట్టిన. అంతా సెట్."

"ఏం పెట్టావయ్యా?"

"గిదే, ఆయన హిందువు, తండ్రి చనిపోయిండు, మా దాంట్ల చనిపోయినోళ్లు పక్షి రూపంల వస్తరని నమ్మకం, కొడుకు ఏటి ఒడ్డున నిలబడి చూడాలె, దయచేసి గౌరవించుండ్రి అని. పిండం కాకి ముడతది కదా, దాన్నే జర మార్చిన. ఇక్కడోళ్లు మతం అంటే మస్తు రెస్పెక్ట్ ఇస్తరు ఆంటీ."

లోహిత నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "అన్నయ్యా, మా మావయ్యగారు బతికున్నారు! నిన్ననే మాటాడాను! నీకు నోరెలా వచ్చింది?"

"అరె... ఉన్నరా? నాకు తెల్వదు వదినా. పక్షులని రాస్తే నమ్మరేమోనని..."

పిట్టల్ని చూసేవాణ్ని పిట్టల్ని చూస్తున్నాడని రాయడానికి భయపడి, లక్షణంగా ఉన్న శేషయ్యగారిని చంపేశాడు. వేరే ఏ జాతివాడికీ ఇది తట్టదు. అతన్ని తిట్టడానికైనా నాకు తీరిక లేదు. లోహిత కూతురు చరితని మా అమ్మాయికి అప్పగించి ఇద్దరం బయల్దేరాం. "డాడ్ ఈజ్ గ్రాండ్, ఆంటీ," అంది ఆ పిల్ల, నన్నే ఓదారుస్తున్నట్టు. ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే ఉన్నాడని.

పార్కులోకి వెళ్లేసరికి పొద్దు చెట్ల వెనక్కి దిగింది. కుక్కల్ని తిప్పేవాళ్లు కూడా తిరుగుముఖం పట్టారు. తడి ఆకుల మీద నా బూట్లు జారుతున్నాయి, మోకాలు సలుపుతోంది. పాడుపడ్డ గోడల మలుపు తిరిగాక లోహిత టక్కున ఆగి నా చెయ్యి పట్టుకుంది.

మా ముందు ముగ్గురు మగవాళ్లు నడుస్తున్నారు. ఒకతను బాగా పెద్ద మనిషి, టోపీ పెట్టుకున్నాడు. ఒకడు కుర్రవాడు, చేతిలో కుక్క తాడు. మూడో అతను వెనకాల. షికారుకొచ్చినవాళ్లు అటూఇటూ చూస్తారు. వీళ్లు తిన్నగా చూస్తూ నడుస్తున్నారు. వాళ్లకి అవతల, రాతికట్ట దగ్గర, నీటి హోరు పక్కన చక్రధర్. వీపు ఇటు. ఏమీ వినపడని చోట.

పిలవాలి. ఏవండీ అని ఒక్క కేక వేస్తే చాలు. లోహిత నోరు తెరిచింది, మాట రాలేదు. నేనూ తెరిచాను. నాకు మా వీధిలో గొంతుకి పేరుంది, ఈ చివర పిలిస్తే ఆ చివర తలుపులు తెరుచుకుంటాయి. కానీ బయట తెలుగులో అరవకూడదని వేసవి నుంచి నేర్చుకున్నాం కదా, ఆ నేర్చుకున్నది వచ్చి గొంతుకి అడ్డంపడింది. అరిస్తే వాళ్లు వెనక్కి తిరుగుతారు. తిరిగితే ఏమవుతుందో. అందుకని దొంగల్లా వాళ్ల వెనకే నడిచాం. ఆ నడక ఇప్పటికీ కలలోకి వస్తోంది.

వాళ్లు అతని దగ్గరికి చేరారు. కుక్క ఒక్కసారి మొరిగింది. చక్రధర్ ఉలిక్కిపడి తిరిగాడు. పెద్ద మనిషి చెయ్యి పైకి లేచింది. లోహిత కళ్లు మూసేసుకుంది. ఆ చెయ్యి టోపీ తీసింది. తర్వాత ముందుకి చాచింది.

"సారీ ఫర్ యువర్ ట్రబుల్," అన్నాడు.

ఆ మాట నాకు తెలుసు. మా పక్కింటి ముసలావిడ భర్త పోయినప్పుడు వరసలో నిలబడి నేనూ అన్నాను. ఇక్కడ ఎవరైనా పోతే ఇంటివాళ్ల చెయ్యి పట్టుకుని అనేమాట అది. చక్రధర్‌కీ తెలుసు, ఫ్యాక్టరీలో విని ఉంటాడు. అందుకే, ఎవరు పోయారోనని ఆ చాచిన చేతివంక చూస్తూ నిలబడ్డాడు.

"మీ నాన్న సంగతి విన్నాం," అన్నాడు పెద్ద మనిషి. వాళ్ల యాస నాకు సగమే అందుతుంది, మిగతా సగం తర్వాత లోహిత చెప్పింది.

చక్రధర్ జేబులోంచి ఫోన్ తీశాడు. అద్దం నిండా లోహిత పేరే. ఎత్తని ఫోన్లు, ఒకదాని కింద ఒకటి. అతని మొహంలో రక్తం దిగిపోవడం ఆ మసకవెలుతుర్లో కూడా కనపడింది. తడిరాయి మీద కూలబడ్డాడు.

"ఎప్పుడు?" అని అడిగాడు ఆ తెల్లాయన్ని, ఇంగ్లీషులో. "ఎప్పుడు పోయారు?"

"నీకు తెలీదా?" అన్నాడాయన, బిత్తరపోయి.

అప్పుడు పెగిలింది లోహిత గొంతు. "ఏవండీ! ఎవరూ పోలేదండీ! మావయ్యగారు బాగున్నారు! అదంతా మధుసూదన్ రాసిందండీ!" పరిగెత్తి వెళ్లి అతని ముందు కూచుంది.

అతను నమ్మలేదు. ఎలా నమ్ముతాడు? దూరదేశంలో ఉన్నవాళ్లకి మనం చావుకబురు ఎప్పుడు నేరుగా చెప్పాం? సీరియస్‌గా ఉంది రమ్మంటాం, టికెట్ కొన్నాక చెప్తాం. "దాచకు లోహితా," అన్నాడు. "నాకు చెప్పీ. నేను తట్టుకుంటాను."

"చరిత మీద ఒట్టండీ."

ఆ ఒట్టు విన్నాక గాని ఊపిరి తీసుకోలేదు. తీసుకున్నాక మాత్రం చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ముగ్గురూ చుట్టూ నిలబడి ఉన్నారు. ఏం చెయ్యాలో వాళ్లకీ తెలీలేదు.

"ఆవిడ ఏమంటోంది?" అన్నాడు కుక్క కుర్రాడు.

ఇప్పుడొచ్చింది అసలు గండం. అవును, తండ్రి పోయాడు, ప్రార్థన చేస్తున్నాను అంటే చాలు, చెయ్యి కలిపి వెళ్లిపోతారు. లోహిత కళ్లతోనే బతిమాలింది. చక్రధర్ లేచి నిలబడి మొహం తుడుచుకున్నాడు.

"మా నాన్న బతికున్నారు," అన్నాడు. "నేను ప్రార్థన చెయ్యట్లేదు. పిట్టల్ని చూస్తున్నాను."

"అయితే అదంతా అబద్ధం."

"అవును. నేను చెప్పలేదు. కానీ అబద్ధమే."

కుర్రాడు చెయ్యి చాచాడు. చక్రధర్ మెడలోంచి తీసి ఇచ్చాడు. వాడు దుర్భిణిని నీళ్లవైపు పెట్టలేదు. చెట్ల సందులోంచి కనపడే ఇళ్లవైపు తిప్పాడు. మెల్లగా, ఒక చివర్నుంచి ఇంకో చివరికి. అప్పటికే ఆ ఇళ్లల్లో దీపాలు వెలిగించారు.

"మా అక్కవాళ్ల వంటిల్లు కనపడుతోంది," అన్నాడు. "ఆమె కనపడుతోంది."

మిగతా ఇద్దరూ చక్రధర్ వైపు తిరిగారు.

"కనపడతాది," అన్నాడు చక్రధర్. "నేనటు చూడను. చూడని చోటు చూడలేదని నేనెలా రుజువు చెయ్యను?"

నాకు ఆగలేదు. నా ఇంగ్లీషంతా కూడగట్టుకుని ముందుకెళ్లి, "గుడ్ బాయ్! వెరీ గుడ్ బాయ్!" అన్నాను. మూడో అతను కుక్కవంక చూశాడు. దాన్నే మెచ్చుకుంటున్నాననుకున్నాడు మరి. పెద్ద మనిషికి నవ్వొచ్చి దగ్గుకింద మార్చుకున్నాడు. కుర్రాడికి మాత్రం నవ్వు రాలేదు. దుర్భిణి ఇంకా వాడి చేతిలోనే ఉంది. తిరిగిస్తాడో, ఏట్లో విసురుతాడో, అతని మొహానికేసి కొడతాడో నాకు తెలీలేదు. వాడికీ తెలిసినట్టు లేదు.

అప్పుడు టార్చిలైటు పడింది మా మీద. ఆడ గార్డు, ఇంకా చిన్న వయసే. ఫొటో చూసి భయపడ్డవాళ్లెవరో ఫోన్ చేశారట. అందరి మాటా వింది. చక్రధర్ పేరు, ఇల్లు, ఉద్యోగం అడిగింది. కుర్రాడి చేతిలోంచి దుర్భిణి తీసుకుని తనే అతనికిచ్చింది. "నువ్వు చేసిన తప్పేం లేదు," అంది. మిగతావాళ్లని ఇళ్లకి పొమ్మంది. పెద్ద మనిషి చక్రధర్ చెయ్యి పట్టుకుని ఊపి, ఏమనాలో తోచక టోపీ పెట్టుకుని వెళ్లాడు. కుర్రాడు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "చూస్తూ ఉంటాం," అని వెళ్లిపోయాడు.

చీకటిపడింది, మోకాలితో నేను కుంటుతున్నాను, అందుకని ఆ పిల్ల మమ్మల్ని కారులో దింపుతానంది. అంతే. దయతో ఎక్కించుకుంది. అయినా ఆ కారు వెనక తలుపులు లోపల్నుంచి తెరుచుకోవని కూర్చున్నాక తెలిసింది. వీధిలో దిగుతుంటే ఎదురింటి పరదా కదిలింది, పక్కింటి పరదా కదిలింది. మీరందరూ విన్న కథ ఆ పరదాల వెనక పుట్టింది.

ఇంట్లోకి రాగానే లోహిత టెక్కలికి ఫోన్ కలిపింది. నిద్ర చెడగొట్టినందుకు శేషయ్యగారు విసుక్కున్నారు. "ఏటమ్మా ఇప్పుడు? నాకేటయింది? నాను బాగానే ఉన్నాను, ఆడికేటైనా అయిందేటి?" ఆ విసుగు వింటూ చక్రధర్ ఫోనుని చెవికి అట్టే పెట్టుకుని కూర్చున్నాడు. పోయారని పుకారు పుట్టినవాళ్లకి ఆయుష్షు పెరుగుతుందని నేను సర్దిచెప్పాను. మధుసూదన్ మర్నాడొచ్చి, రాసింది తీసేశానని చెప్పి, తలొంచుకుని తిట్లన్నీ తిన్నాడు. వడ్డించిందంతా కూడా తిన్నాడు.

ఆ తర్వాత వారం చక్రధర్ కదల్లేదు. పనికి వెళ్లడం, రావడం, పరదా వేసుకుని కూర్చోవడం. తలుపు కొడితే ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. లోహిత దుర్భిణిని ప్రెస్సులో పై అరలో పెట్టేసింది. "ఎవరికైనా ఇచ్చీయండి, మీకు దణ్ణం పెడతాను," అంది అతనితో, నా ఎదురుగానే.

ఆ పై శనివారం పులిహోర కలిపి వాళ్లింటికి పట్టుకెళ్లాను. తలుపు తీసిన లోహిత మొహం చూడగానే తెలిసింది. చక్రధర్ మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. పక్కన ఫ్లాస్కు, మెడలో దుర్భిణి.

"చూడండాంటీ," అంది లోహిత. "మీరైనా అడగండి. నేను అడిగితే మాటాడట్లేదు."

నాకు ఒళ్లు మండింది. భయానికి నాకు ముందు కోపమే వస్తుంది. "ఏమయ్యా, నీకు బుద్ధుందా? ఆ కుర్రాడు చూస్తూ ఉంటామన్నాడు. చూస్తూ ఉంటాడు. ఈసారి గార్డు రాకపోతే? పెళ్లాం బిడ్డా ఉన్న మనిషివి. రింగాస్కిడీలో పిట్టల్లేవా, ఇంకెక్కడా ఏరు లేదా? సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నీకు భయం లేదా? అక్కడికే ఎందుకెళ్తున్నావు?"

అతను రెండో బూటు తాడు కూడా ముడేశాడు. తలెత్తలేదు.

"భయం లేకేటి పిన్నిగారూ. ఇదిగో, ఈ ముడి మూడుసార్లు ఊడిపోయింది. మొదటి ఏడాది నేను గట్టు మీదికెళ్తే చాలు, అక్కడున్న పిట్టలన్నీ లేచిపోయేవండి. ఒక్కటి ఉండేది కాదు. నేను వాటినేటీ చెయ్యలేదు, అయినా లేచిపోయేవి. ఏటి చేస్తాం, ప్రతి వారం వెళ్లీసి అదే చోట ఊరుకుని నిలబడ్డాను. వీడు నిలబడతాడు, టీ తాగుతాడు, పోతాడు అని వాటికి తెలియడానికి ఒక శీతాకాలం పట్టింది. ఇప్పుడు నన్ను చూసి లేవవు. మనుషులకి ఎన్ని శీతాకాలాలు పడతాదో నాకు తెలీదండి. అసలు కుదురుతాదో లేదో కూడా తెలీదు. కానీ ఈ వారం నేను వెళ్లకపోతే, ఆ కుర్రాడికి నేను ఆ ఫొటోలో మనిషిగానే ఉండిపోతాను."